జ్ఞానదంతం ఆపరేషన్ తర్వాత పీజీ రూములో నా అనుభవం

నిన్న సాయంత్రం కుట్లు తీశారు, ఇవాళ పొద్దున్న ఇడ్లీ మామూలుగా నమిలి తిన్నాను, అందుకే వేడివేడిగా రాసేస్తున్నా. కింద కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పడుకుని పక్క పన్నుని నెడుతోందని ఎక్స్‌రేలో తేలింది, బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక డెంటల్ క్లినిక్‌లో చిగురు కోసి పన్నుని ముక్కలు చేసి తీశారు. ఆపరేషన్‌కి మాత్రం ఎవరూ భయపడొద్దు, మత్తు ఇంజక్షన్ చురుక్కుమంది అంతే. అసలు కథంతా రూముకి వచ్చాకే.

మొదటిరోజు చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు కానీ చెయ్యకూడనివి చాలా ఉన్నాయి. పన్ను తీసిన చోట పెట్టిన గాజ్ గుడ్డ గట్టిగా కొరికి పట్టుకుని ముప్పావుగంట అలాగే ఉండాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో ఏదీ పీల్చకూడదు, ఎందుకంటే పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి కట్టు, అది ఊడితే లోపల ఎముక బయటపడుతుంది. మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసేసుకోండి, దిగాక వేసుకుంటే అది పనిచేసేలోపు చుక్కలు కనిపిస్తాయి. మా పీజీలో ఫ్రిజ్ వాడుకోనివ్వరు కాబట్టి ఫ్రోజెన్ బఠానీ ప్యాకెట్ తెప్పించి తువ్వాలులో చుట్టి దవడకి 20 నిమిషాలు పెట్టి 20 నిమిషాలు తీసి, అలా పడుకునేదాకా చేశాను. వాపు రెండో మూడో రోజుకే బాగా పెరుగుతుంది, అది మామూలే. తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి.

తిండి విషయంలో మా పీజీలో వంట చేసే నెల్లూరు అక్కకి ఎంత చెప్పినా తక్కువే. అందరికీ గోంగూర పచ్చడీ, కారం దట్టించిన కూరలూ వండుతూనే నాకు విడిగా అన్నం మెత్తగా ఉడికించి పెరుగు పోసి గరిటెతో మెదిపి, ఆవాలు కూడా గుంటలో ఇరుక్కుంటాయని తాలింపు లేకుండా ఇచ్చేది. రాగిజావ అయితే పూర్తిగా చల్లారాకే గ్లాసులో పోసేది, "వేడిది తాగితే రక్తం కారుద్ది నాయనా" అని. కొబ్బరిబోండం అబ్బాయి స్ట్రా వేసి ఇవ్వబోతే ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో పోయించుకున్నా.

రెండోరోజు నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి తిన్న ప్రతిసారీ నోట్లో నింపుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయడం, అంతే, గడగడ ఊపకూడదు.

ఇంత పద్ధతిగా ఉన్నా, వాపు తగ్గుతోంది అనుకునే సమయానికి నొప్పి ఎదురు తిరిగింది. మొదటిరోజు నొప్పి వేరు, ఇది వేరు. దవడలోంచి పోటు మొదలై చెవిలోకి, కణతలోకి పాకేది, నోట్లో కుళ్లు వాసన, మాత్ర వేసుకున్నా గంట కూడా ఆగేది కాదు. అర్ధరాత్రి గోడకి తల ఆనించి కూర్చున్నాను. పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "నోవు ఇద్దే ఇరుత్తె సార్" అని పెట్టేసింది. నొప్పి ఉండనే ఉంటుందట! ఎన్ని రోజుల నొప్పి, ఎలాంటి నొప్పి అని ఒక్క ముక్క అడగలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి స్వయంగా వెళ్తే చాలాసేపు కూర్చోబెట్టారు, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవట్లేదు, మాట ముద్దగా వస్తోంది, నా కన్నడం అసలే అంతంతమాత్రం. జూనియర్ డాక్టర్ బయటికి వచ్చి హాల్లో అందరి ముందూ "సిగరెట్ కాల్చారా? నిజం చెప్పండి" అని గట్టిగా అడిగాడు. జన్మలో ముట్టలేదు. లేదంటే నమ్మనట్టు నవ్వి, ఇంకో యాంటీబయాటిక్ రాసిస్తా తీసుకెళ్లండి అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది, ఆ చూపు నేను మర్చిపోను. డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవాడిని దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టడం ఏం పద్ధతి?

కదలనని కూర్చున్నా. ఆపరేషన్ చేసిన సర్జన్ గారు వచ్చి, ఆయన తెలుగాయనే, చిన్న అద్దంతో చూసి "డ్రై సాకెట్ బాబూ, గుంటలో రక్తం గడ్డ కరిగిపోయింది" అన్నారు. సిగరెట్ తాగేవాళ్లకి ఎక్కువే కానీ తాగనివాళ్లకీ వస్తుందట, అందులోనూ కింది జ్ఞానదంతాలకి, అదీ సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య. ఇది ఇన్ఫెక్షన్ కాదు కాబట్టి యాంటీబయాటిక్ మార్చినా లాభం లేదన్నారు. సెలైన్‌తో గుంట కడిగి లవంగం నూనెలో ఉండే యూజినాల్ కలిపిన మందు పెట్టారు, లవంగం వాసన గుప్పుమంది, కుర్చీ దిగేలోపే పోటు సగానికి దిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఒకటి రెండుసార్లు ఆ మందు మార్పించుకుంటే పూర్తిగా పోయింది. మా అమ్మ ఫోన్లో లవంగం నూనె పోసుకోమంది కానీ అలా నేరుగా పుండులో పోస్తే చిగురు కాలుతుంది, ఆ పని డాక్టర్‌నే చెయ్యనివ్వండి.

ఆ డ్రెస్సింగ్‌కి కూడా విడిగా బిల్లు వేశారు. పన్ను తీయించుకునే ముందే సర్జన్ నంబరు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే ఇంకో చోటు చూసుకోండి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా, పెదవి తిమ్మిరి మర్నాటికీ వదలకపోయినా రిసెప్షన్ మాట వినకుండా వెళ్లి కూర్చోండి. ఇచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాళ్లు చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువ వాడితే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. రాసిచ్చిన మాత్రల్లో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంటే మద్యం జోలికి అస్సలు పోకండి.

నాకు ఎడమవైపుది కూడా తీయాలన్నారు. దానికి ఫోర్ట్‌లో విక్టోరియా హాస్పిటల్ పక్కన ఉన్న గవర్నమెంట్ డెంటల్ కాలేజీకే వెళ్తాను, క్యూలో ఎంతసేపు నిలబడాల్సి వచ్చినా సరే.