మొక్కజొన్న చేల మధ్య లెక్కల టీచరు

మా ఊళ్ళో పడమటి గాలి వీస్తే పులిసిన ఇడ్లీ పిండి వాసన వస్తుంది. ఊరి చివర ఇథనాల్ ప్లాంటు ఉంది. మొక్కజొన్నను పిండి చేసి, పులియబెట్టి, పెట్రోలులో కలిపే ఇథనాల్ తీస్తారు. మావారు అందులో ప్రాసెస్ ఇంజనీరు. నెబ్రాస్కాలో ఇలాంటి ఊళ్ళు చాలానే ఉన్నాయి. ధాన్యం నిలవ చేసే ఎలివేటరు, నీళ్ళ ట్యాంకు, రెండు చర్చిలు, ఒక బడి, చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా. 2010 నవంబరులో రెండేళ్ళ పాపను చంకనేసుకుని ఇక్కడ దిగాను. అప్పటికి కోతలు అయిపోయి నేలంతా మోళ్ళే. మా ఊరి చేలు కూడా కోతయ్యాక ఇలాగే ఉంటాయి కదా అనుకున్నాను. ఆ ఒక్క పోలిక పట్టుకునే మొదటి చలికాలం గడిపాను.

మాది చింతలపూడి దగ్గర పల్లె. ఏలూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో నాలుగేళ్ళు తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పాను. ఇక్కడికొచ్చాక ఆరేళ్ళు సుద్దముక్క పట్టలేదు. ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యాపిల్లలకు ఇచ్చేది హెచ్-4 వీసా. అప్పట్లో దాని మీద వచ్చిన భార్య ఉద్యోగం చేయకూడదు. 2015లో రూలు మారింది. భర్తకు గ్రీన్ కార్డు దారిలో కంపెనీ పెట్టే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదమైతే భార్య కూడా పని చేసుకోవచ్చు, దానికి ఈఏడీ అని ఒక కార్డు ఇస్తారు. మా చేతికి అది 2016లో వచ్చింది. ఆ రోజు కార్డును పోపుల డబ్బా పక్కన నిలబెట్టి, వంట చేస్తూ చెయ్యి తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

మర్నాడే బడికి వెళ్ళాను. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా అంతా ఒకే కప్పు కింద. ఫుట్‌బాల్‌కి పదకొండు మంది పిల్లలు దొరకరు కాబట్టి ఎనిమిది మందితోనే ఆడతారు. నేను లెక్కల టీచర్నని చెప్పగానే ఆఫీసులో ఉన్న పెద్దావిడ లేచి నిలబడింది. ఆ పోస్టుకు చాలాకాలంగా ఎవరూ దొరకడం లేదట. అలాగని లైసెన్సు లేకుండా క్లాసు ఇచ్చేయరు. ముందు 'పారా'గా చేరమన్నారు. అంటే చదువులో ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల పక్కన కూర్చుని పాఠం అందేలా చూసే మనిషి. జీతం తక్కువ. కానీ ఇక్కడి పిల్లలు ఎలా మాట్లాడతారో, ఎక్కడ మొహమాటపడతారో, టీచరు గొంతు ఏ మోతాదులో ఉండాలో నేను నేర్చుకున్నది ఆ కుర్చీలోనే. మన బీఈడీ చేతిలో ఉంది కదా అని నేరుగా టీచరు పోస్టు కోసమే చూసే అక్కచెల్లెళ్ళు చాలామంది అడుగుతుంటారు. నా మాట వింటే, వీలైతే ఒక ఏడాది పారాగా చేయండి.

లైసెన్సు పని ఒక పక్క నడిచింది. మన డిగ్రీలను ఇక్కడి చదువుతో సరిపోల్చి రిపోర్టు ఇచ్చే సంస్థలు ఉంటాయి. వాటికి మార్కుల జాబితాలు యూనివర్సిటీ నుంచే సీలు వేసిన కవర్లో రావాలి. మా తమ్ముడు దానికోసం మూడుసార్లు బస్సెక్కాడు. మొత్తం ప్రయాణంలో ఎక్కువ కాలం తిన్నది అదే, అందుకే ముందు దాన్ని మొదలుపెట్టండి. ఆ తర్వాత టీచర్లకు పెట్టే ప్రాక్సిస్ లెక్కల పరీక్ష, స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు. నెబ్రాస్కాలో ఇంకొకటి ఉంది, హ్యూమన్ రిలేషన్స్. వేరే జాతి, వేరే భాష, వేరే స్థితి నుంచి వచ్చిన పిల్లలతో ఎలా మెలగాలో ప్రతి టీచరూ చదివి తీరాలి. పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద కూర్చుని అవన్నీ పూర్తి చేశాను. 2019 ఆగస్టులో నా గది తాళం నా చేతికిచ్చారు.

మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. నేను లోపలికి వెళితే ఎవరూ లేచి నిలబడరు. కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, పాఠం మధ్యలో నీళ్ళు తాగుతారు. గౌరవం లేదేమోనని బాధపడేదాన్ని. అక్టోబరులో వృత్త వైశాల్యం చెబుతున్నాను. బోర్డు మీద సూత్రం రాశాను, రెండు లెక్కలు చేశాను, గదిలో చలనం లేదు. కిటికీలోంచి చూస్తే దూరంగా సెంటర్ పివట్ కనిపిస్తోంది. చేను నడిమధ్యలో బోరు, దాని నుంచి చక్రాల మీద నడిచే పావు మైలు పొడవు గొట్టం. గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. ఇక్కడ పొలాన్ని అర మైలు పొడవు, అర మైలు వెడల్పు చదరాలుగా కొలుస్తారు. ఒక్కో చదరం 160 ఎకరాలు. "ఆ పివట్ ఎన్ని ఎకరాలు తడుపుతుంది?" అని అడిగాను.

వెనక బెంచీలో టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు నిటారుగా కూర్చున్నాడు. వ్యాసార్థం 1,320 అడుగులు. వర్గం చేసి, π (పై)తో గుణించి, ఎకరానికి 43,560 చదరపు అడుగుల చొప్పున భాగించాడు. దాదాపు 126 ఎకరాలు వచ్చింది. "అంటే మూలల్లో 34 ఎకరాలు ఎండిపోతాయా?" అన్నాను. "పూర్తిగా కాదు మిసెస్ కె, చివర ఎండ్ గన్ ఉంటుంది, మూలల్లోకి నీళ్ళు చిమ్ముతుంది" అని లేచి వచ్చి నా చేతిలో మార్కర్ తీసుకుని గీసి చూపించాడు. ఆ గంటంతా వాళ్ళు చెబుతుంటే నేను రాశాను. ఇక్కడ ధాన్యాన్ని బుషెళ్ళలో కొలుస్తారు, బుషెల్ మొక్కజొన్న 56 పౌండ్లు, తేమ 15.5 శాతం దాటితే ఎలివేటర్లో ధర కోస్తారు. శాతాలు, నిష్పత్తులు అన్నీ వాళ్ళ ఇంట్లోనే ఉన్నాయి. అమెరికా పిల్లలకు లెక్కలు రావని మనవాళ్ళలో ఒక మాట ఉంది. అది తప్పు మాట. మా నాన్న కాగితం లేకుండా ఎకరాకు ఎన్ని బస్తాలో చెప్పేవారు. వీళ్ళూ ఆ కోవ పిల్లలే.

ఇంట్లో సంగతి. ఊళ్ళో తెలుగువాళ్ళం మేము నలుగురమే. హిందూ దేవాలయం, కందిపప్పు, కరివేపాకు అన్నీ ఒమాహాలో, మూడు గంటల దారి. పిల్లల తెలుగు పోతుందని మొదట్లో చాలా భయపడ్డాను. జరిగింది వేరు. ఒమాహాలో తెలుగు పిల్లలు నలుగురు కలిస్తే వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషే మాట్లాడుకోవడం చూశాను. మా ఊళ్ళో తెలుగు మా నలుగురి సొంత భాష అయింది. ఫుట్‌బాల్ ఆట చూస్తూ చలి వేస్తున్నా, ఆకలి వేస్తున్నా, పక్కనున్న పెద్దమనిషి టోపీ నచ్చినా మా అబ్బాయి గట్టిగా తెలుగులోనే చెబుతాడు. అక్షరాలు మాత్రం నేను వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి దిద్దించాను.

తిండి దగ్గర కూడా ఊరు మమ్మల్ని వదల్లేదు. ఇక్కడి బడుల్లో చిల్లీ అనే బీన్స్ కూర పెట్టిన రోజు పక్కన దాల్చినచెక్క వేసిన తీపి సినమన్ రోల్ పెడతారు. అది ఈ రాష్ట్రం పిల్లల ప్రాణం. చిల్లీలో గొడ్డు మాంసం ఉంటుంది, మేం తినం. రెండో తరగతిలో మావాడు రోల్ ఒక్కటే తిని వస్తున్నాడని తెలిసి, వంటావిడ మాలో ఎవరూ అడగకుండానే వాడికోసం మాంసం వెయ్యని బీన్స్ ఒక గిన్నెలో విడిగా తీసి పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తీస్తుంది.

2022లో మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో నా క్లాసుకే వచ్చింది. గుమ్మం లోపల మిసెస్ కె, కారెక్కాక అమ్మా. ఎప్పుడూ తడబడలేదు. ఒక్క పరీక్షలో మాత్రం ఆఖరి లెక్క ఖాళీగా వదిలేసి, కింద పెన్సిల్‌తో చిన్న తెలుగు అక్షరాల్లో "అమ్మా, తలనొప్పిగా ఉంది" అని రాసింది. మార్కులు తగ్గించాను. కాగితం దాచుకున్నాను.

అంతకంటే ముందు సంగతి ఒకటి నన్ను ఇంకా సలుపుతోంది. జూలైలో ఇక్కడ హైబ్రిడ్ విత్తన మొక్కజొన్న చేలల్లో మగపూత లాగే పని ఉంటుంది. డీటాసిలింగ్ అంటారు. నాలుగు ఆడ వరసలకు ఒక మగ వరస చొప్పున వేస్తారు. ఆడ వరసల్లో మొక్క కొసన వచ్చే పూతను పుప్పొడి రాలకముందే తీసెయ్యాలి, లేకపోతే విత్తనం చెడిపోతుంది. మిషన్లు చాలావరకు తీస్తాయి, మిగిలినవి మనుషులే లాగాలి. ఈ రాష్ట్రంలో పన్నెండేళ్ళు నిండిన పిల్లలు చేరొచ్చు. వేసవిలో ఊరి పిల్లలకు మొదటి సంపాదన అదే. 2021లో మా అమ్మాయి స్నేహితులంతా పేర్లు ఇచ్చారు. తనూ ఫారం తెచ్చుకుంది. ఇక్కడ ఉద్యోగం చేయాలంటే ఉండాల్సిన సోషల్ సెక్యూరిటీ నంబరు రాసే చోట ఆగి నా వైపు చూసింది.

తను ఏలూరులో పుట్టింది. తనది హెచ్-4. ఈఏడీ భార్యకు వస్తుంది కానీ పిల్లలకు రాదు. స్నేహితులతో పాటు చేనులోకి దిగి గంటకింతని తీసుకోవడం తనకు చట్టప్రకారం కుదరదు. ఇరవై ఒకటి నిండితే మా వీసా మీద ఇక్కడ ఉండటానికి కూడా వీల్లేదు. గ్రీన్ కార్డు క్యూలో మనదేశం వాళ్ళ వరస ఎంత నెమ్మదిగా కదులుతుందో ఇది చదివే చాలామందికి తెలుసు. ఈ బడిలో జాతీయ గీతం పాడే పిల్ల, బ్యాండులో క్లారినెట్ వాయించే పిల్ల. ఆ ఫారం మడిచి డ్రాయరులో పెట్టుకుంది. నేను ఊరి పిల్లలందరికీ టీచర్నై, నా పిల్లకు ఆ ఒక్క గడి నింపలేకపోయాను.

2023లో మావాడికి పన్నెండు నిండాయి. వాడు ఇక్కడ పుట్టాడు. వాడి ఫారం రెండు నిమిషాల్లో నిండింది. పంపాలా వద్దా అని మావారూ నేనూ వారం రోజులు నలిగాం. "అక్కకి లేనిది నాకెందుకు" అని వాడే అన్నాడు. "వెళ్ళరా, నేను టిఫిన్ కడతా" అని అక్క అంది.

తెల్లవారుజామున నాలుగున్నరకే బస్సు. ఆకుల మీద మంచుకు ఒళ్ళంతా తడిసిపోతుంది కాబట్టి చెత్త సంచికి మెడకు, చేతులకు కన్నాలు చేసి తొడుక్కుంటారు. మా అమ్మకు వీడియో కాల్ చేశాం. మా పల్లెలోనూ విత్తన మొక్కజొన్న వేస్తారు, ఆమె ముప్పై ఏళ్ళు ఆ పూత లాగిన మనిషి.

"చదువుకోమని నిన్ను చేలోంచి గట్టెక్కిస్తే, అమెరికా తీసుకెళ్ళి నా మనవణ్ణి మళ్ళీ చేలో దింపావా?" అంది ముందు. తర్వాత ఉండబట్టలేక, "చేతులకు నిండుచొక్కా వెయ్యి, ఆకు కోస్తుంది. మెడకు తువ్వాలు చుట్టు. మరి పెద్దదాన్నెందుకు పంపలేదే?" అంది.

నేను వీసా సంగతి ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే మా అమ్మాయి ఫోను తీసుకుంది. "అమ్మమ్మా, తమ్ముడు ఇక్కడ పుట్టాడు. నేను నీ దగ్గర పుట్టాను. అందుకని నేను ఇక్కడ పని చెయ్యకూడదు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. "అయితే నా దగ్గరికే రా తల్లీ. మనకూ రెండెకరాలుంది" అంది.

ఆ డిసెంబరు సెలవులకు వెళ్ళాం. వీసా స్టాంపు గడువు ఇంకా మిగిలి ఉంది, అయినా తిరుగు ప్రయాణం దాకా నాకు టెన్షనే. మా అమ్మాయి పొద్దున్నే కూలీలతో పాటు చేలో దిగింది. పూతను మెడ దగ్గర పట్టుకుని, ఆకు రాకుండా, ఒక్క ఊపున పైకి లాగాలని అమ్మ చూపించింది. "తమ్ముడు చెప్పింది కూడా ఇలాగే" అంది అది. మధ్యాహ్నానికి మోచేతుల దాకా ఎర్రటి గీతలు పడ్డాయి. ఇంటికి పోదాం రమ్మంటే వరస పూర్తి కాలేదంది.

సాయంత్రం కూలీలంతా గట్టు మీద కూర్చున్నారు. అమ్మ ఒక్కొక్కరికీ డబ్బులిస్తూ వచ్చి, మనవరాలి దగ్గర ఆగి, కొంగు ముడి విప్పి, మిగతా వాళ్ళకు ఎంత ఇచ్చిందో అంతే లెక్కపెట్టి చేతిలో పెట్టింది. నేను వద్దనబోయాను. "దాని కూలి అది తీసుకుంటుంది, నువ్వు మాట్లాడకు" అంది. మా అమ్మాయి ఆ నోట్లను రెండుసార్లు లెక్కపెట్టుకుని, చేతికంటిన పుప్పొడి తుడుచుకుని, జేబులో పెట్టుకుంది.