21 మిల్లీసెకన్లు

"ఊపిరి తీసుకో... వదులు... ఇప్పుడు బిగపట్టు." మైక్‌లో టెక్నీషియన్ చెప్తున్నారు. ఎంఆర్ఐ గొట్టంలో మా వాడు. తాళి, గాజులు, కమ్మలు అన్నీ తీసి అత్తయ్య చేతికిచ్చి, నేను లోపలే వాడి పాదం పట్టుకుని నిలబడ్డాను. బిగపట్టమన్న ప్రతిసారీ వాడి బొటనవేలు ముడుచుకునేది. వాడితోపాటు నేనూ బిగపట్టాను.

మా వాడికి తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, తరచూ ఎక్కించాలి. ఇలాంటి పిల్లల ఇళ్లలో ఈ లెక్క అందరికీ తెలుసు. ఎక్కించే ఒక్కో రక్తం ప్యాకెట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వస్తుంది. తనంతట తాను బయటికి పోదు. లివర్‌లో, గుండెలో పేరుకుంటుంది.

ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే రక్తపరీక్షలో ఫెరిటిన్ తగ్గిందని సంబరపడితే సరిపోదు, గుండె సంగతి అది చెప్పలేదు. ఈ స్కాన్ చెప్తుంది. కండరంలో దాగిన ఇనుము చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొడుతుంది, సిగ్నల్ త్వరగా ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరితే అంత ఇనుము. ఆ ఆరే సమయం కొలతనే టీ2 స్టార్ అంటారు. సూది లేదు, కోత లేదు. ఒకప్పుడు లివర్‌లో ఇనుము చూడాలంటే ముక్క తీసేవారు. తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

గుండెకి 20 మిల్లీసెకన్లు దాటాలి. 10 లోపైతే చాలా ప్రమాదం. రెండేళ్ల క్రితం మా వాడికి 14. ఇవాళ 21! రిపోర్ట్ మూడుసార్లు చదివాను. మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాను.

"అమ్మా, ఆ అయస్కాంతం నా ఇనుమంతా లాగేసిందా?" అన్నాడు ఆటోలో.

"లేదు నాన్నా, అది కొలిచిందంతే. తీసింది నువ్వు రోజూ తాగే మందు."

రాత్రి గ్లాసు వాడే తెచ్చుకున్నాడు.