ఈ నెల చదివినవీ చూసినవీ

ఈ నెల నా చదువుకి ఓ తీరూ తెన్నూ లేదు. డిటెక్టివ్ నవల ఒకటి సగంలో ఆపేశా, హంతకుడెవరో ముందే తెలిసిపోయింది. ఓ ఆత్మకథ... పర్లేదు. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మాత్రం నిద్ర పోనివ్వలేదు. ఇన్నాళ్లూ అది భూతం పేరనుకున్నా (నవ్వకండి). తయారుచేసినవాడి పేరట! పాపం, భూతానికి పేరే లేదు. గోడ సందులోంచి ఓ కుటుంబాన్ని చూస్తూ మాటలు నేర్చుకుంటుంది, ఇంగ్లిష్ మహాకవి మిల్టన్‌ని కూడా చదివేస్తుంది. ఆ ఊపులోనే 1931 నాటి సినిమా పెట్టా. అందులో దానికి మాటల్లేవు, ఉత్త మూలుగులే. అయినా చిన్నపాపతో కూర్చుని నీళ్లలో పూలు వేసేటప్పుడు ఆ మొహంలో సంబరం! రెండుసార్లు వెనక్కి తిప్పి చూశా. కొన్న కవితల పుస్తకం ఇంకా తెరవనే లేదు.