కోన్ టోపీ దొరగారు, మన దక్కను యుద్ధం

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో దిగగానే ముందు కనబడేది ఏ రాజు విగ్రహమో అనుకున్నాను. వేవర్లీ స్టేషన్ నుంచి ప్రిన్సెస్ స్ట్రీట్ మీదికి వస్తే ఎదురైంది ఒక నవలా రచయిత స్మారకం. సర్ వాల్టర్ స్కాట్ కోసం 61 మీటర్ల గోపురం! స్టేషన్‌కు ఆ పేరు కూడా ఆయన నవలలదే. గోపురం లోపల 287 మెట్లు. పైకి పోయేకొద్దీ దారి ఇరుకై భుజాలు గోడలకు రాసుకుంటాయి. దీన్ని రూపొందించిన జార్జ్ మీకిల్ కెంప్ వడ్రంగం పని నేర్చుకుని, సొంతంగా చదువుకుని వాస్తుశిల్పి అయినవాడు. గోపురం పూర్తి కాకముందే 1844లో ఒక రాత్రి కాలవలో పడి చనిపోయాడు. తను గీసిన గోపురాన్ని నిండుగా చూసుకోలేదు పాపం.

కాల్టన్ కొండ మీద గ్రీసులోని పార్థినాన్ గుడిని చూసి కట్టబోయిన జాతీయ స్మారకం ఉంది. 1826లో మొదలుపెట్టి, డబ్బు చాలక 1829లో ఆపేశారు. మిగిలినవి 12 స్తంభాలే. ఊరి పరువు తీసిందని ఒకప్పుడు వెక్కిరించేవారట. నాకు మాత్రం అలాగే నచ్చింది.

గ్లాస్గోలో నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఆధునిక కళల గ్యాలరీ ముందున్న వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ప్రభువు విగ్రహం దగ్గర. గుర్రం మీద ఠీవిగా కూర్చున్న ఆయన నెత్తిన ట్రాఫిక్ కోన్ ఉంది! 1980ల నుంచి ఎవరో రాత్రిపూట ఎక్కి పెడుతూనే ఉన్నారు, తీసేస్తే మళ్ళీ వస్తోంది. 2013లో నగర కౌన్సిల్ 65 వేల పౌండ్లు పెట్టి దిమ్మె ఎత్తు పెంచుదామనుకుంటే జనం ఊరుకోలేదు. ఆ ఆలోచన అక్కడే ఆగింది.

అందరూ కోన్‌కే ఫొటోలు తీస్తున్నారు. నేను దిమ్మె చుట్టూ తిరిగాను. ఒక కంచు పలక మీద వాటర్లూ, ఇంకో దాని మీద అస్సాయే. అస్సాయే అంటే ఇప్పటి మహారాష్ట్రలో జాల్నా జిల్లా ఊరు. 1803లో ఈయన మరాఠాలను ఓడించింది అక్కడే. ఆ రోజు ఆయన వైపు పోరాడినవాళ్ళలో స్కాట్లాండ్ కొండ ప్రాంతపు సైనికులు హైలాండర్లూ ఉన్నారు, మద్రాసు సిపాయి దళాలూ ఉన్నాయి. మద్రాసు సైన్యమంటే అందులో మన తెలుగువాళ్ళు లేకుండా ఎలా ఉంటారు? అంతకు నాలుగేళ్ళ ముందు, టిప్పు మీదికి నిజాం పంపిన సైన్యాన్ని నడిపించిందీ ఈయనే. హైదరాబాదు నుంచి వచ్చిన నాకు ఆ కోన్ చూసి నవ్వొచ్చింది, పలక చూశాక మాత్రం ఏమనుకోవాలో తోచలేదు.

స్టిర్లింగ్‌లో, స్కాట్లాండ్ స్వాతంత్ర్య వీరుడు విలియం వాలెస్ స్మారకానికి మరో 246 మెట్లు. మా ఆయన కిందే కాఫీ తాగుతూ కూర్చుండిపోయారు. పైన వాలెస్‌దని చెప్పే పొడవాటి కత్తికంటే నన్ను ఆపింది వీరుల మందిరం. వరసగా మగవాళ్ళ తలల బొమ్మలే! ఈమధ్యనే ఇద్దరు స్త్రీలకు చోటిచ్చారు. వాళ్ళలో ఒకరు మేరీ స్లెసర్. చిన్నప్పుడు డండీ మిల్లులో పనిచేసి, పెద్దయ్యాక నైజీరియా వెళ్ళి, అక్కడ కవల పిల్లల్ని చంపే ఆచారాన్ని ఎదిరించిన మనిషి. ఆ ఇద్దరి బొమ్మలకు మాత్రం నేనూ ఫొటో తీసుకున్నాను.