చుక్కానికి రంగు: ఏప్రిల్ నుంచి జూన్ దాకా

ఏప్రిల్ 14

పౌర్ణమి పోటు మీద పడవని ఒడ్డెక్కించాం. సఖినేటిపల్లి వైపు వశిష్ఠ గట్టున, కొబ్బరిచెట్ల నీడలో, రెండు దుంగల మీద. రేపటి నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. పెద్ద బోట్లన్నీ వచ్చేస్తే గట్టు మీద చోటుండదని ఒకరోజు ముందే లాగించాను.

పద్దెనిమిది అడుగుల పాత ఫైబర్ పడవ, సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను. ఆదివారాలు గేలం వేసుకోవడానికి తప్ప దీంతో నాకు పైసా సంపాదన లేదు. నీళ్ల కింద ఉండే ఇనుము మూడు చోట్ల: చుక్కాని, అది కింద ఆనే షూ పట్టీ, షాఫ్టును పట్టుకునే బ్రాకెట్. షాఫ్టు స్టెయిన్‌లెస్, ప్రొపెల్లర్ గన్‌మెటల్, అంటే రాగి కలిసిన లోహం.

పోయినేడు నేనే రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన నీలం ఎనామెల్ వేశాను. ఇప్పుడు గోటితో గీరితే పూతరేకులా పొరలు పొరలుగా లేచొచ్చింది. కింద ఇనుము తడిగా, నల్లగా ఉంది. చుక్కాని కింది అంచున శెనగగింజంత నోరున్న గుంట ఒకటి కనిపించింది. అందులో పిన్నీసు పెట్టి, ఎంత దిగిందో గోరు గుర్తుతో కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు. ఆ ప్లేటు మందమే ఆరు.

ఏప్రిల్ 20

వారమంతా ఆ గుంట గురించే ఆలోచన. రంగు ఊడిన చోటల్లా సమానంగా తుప్పు పట్టాలి కదా, ఒక్కచోటే ఇంత లోతు ఎందుకు తిన్నది?

షాఫ్టు తిరిగే బుష్ గన్‌మెటల్. అది బ్రాకెట్లో, బ్రాకెట్ షూ పట్టీకి, షూ చుక్కానికి. అంటే ప్రొపెల్లర్‌తో సహా అన్నీ ఒకదానికొకటి తగిలే ఉన్నాయి. ఉప్పునీళ్లలో ఇలా కలిసిన లోహాల మధ్య కరెంటు పుడుతుంది, అందులో ఇనుము కరిగి గన్‌మెటల్‌ని కాపాడుతుంది. నేనేమో ఇనుముకి నిండా రంగు వేసి, ప్రొపెల్లర్‌ని తళతళా మెరిసేలా తోమి వదిలాను. చుక్కాని ఇసుక మేటకి గీసుకుని చిన్న గీత పడింది. మెరిసే ప్రొపెల్లరంతా లాగే కరెంటు ఆ గీతలోంచే పోయింది. రంగు వేయకుండా ఉంటే తుప్పు పలచగా అంతటా పట్టేది, ఇలా గుంట పడేది కాదు.

అందుకే ఈసారి ఇనుముతో పాటు ప్రొపెల్లర్‌కి కూడా రంగు పడాలి. రెక్కల చివర్లలో నిలవదని తెలుసు. బొడ్డు, రెక్కల మొదళ్లు కప్పినా చాలు, బయట ఉండే గన్‌మెటల్ అంత తగ్గుతుంది.

ఇంకో తప్పు కూడా నాదే. చుక్కానికి బిగించిన జింక్ దిమ్మ మీదా పోయినేడు నీలం రంగు లాగించేశాను, చూడ్డానికి బాగుంటుందని. అది ఇనుముకి బదులు తాను కరగాల్సిన దిమ్మ. ఏడాది తర్వాత కూడా కొత్తదానిలా ఉంది!

ఏప్రిల్ 27

పక్క బోటు ఆయన వచ్చి చూసి, "రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు కొట్టేసి దించేయండి మాస్టారూ, అయిపోద్ది" అన్నాడు. ఆయన బోటు చెక్కది. ఏటా గీకి ఏటా కొడతాడు, ఆయనకి అది సరిపోతుంది. నాకు సరిపోదు. రెడ్ ఆక్సైడ్, ఎనామెల్ రెండూ నూనె రకం రంగులు. జింక్ దిమ్మ సరిగ్గా పనిచేస్తే ఇనుము పక్కన నీరు క్షారంగా మారుతుంది. ఆ క్షారానికి నూనె రంగు సబ్బులా మారి ఊడిపోతుంది. అంటే దిమ్మకీ ఆ రంగుకీ పొత్తు కుదరదు.

జింక్ ప్రైమర్ కొట్టమని ఇంకొకరు. దాంట్లో జింకు పొడి ఇనుముకి నేరుగా తగలాలి, దానికి ఇసుక బ్లాస్టింగ్ చేసిన తెల్లటి లోహం కావాలి. గ్రైండరు పట్టుకున్న నాలాంటివాడి పని కాదు. చివరికి అల్యూమినియం రేకుపొడి కలిపిన రెండు డబ్బాల మందులు కలిపితే గట్టిపడే ఎపాక్సీ మాస్టిక్‌ దగ్గర ఆగాను. చేత్తో గీకిన ఇనుము మీద కూడా పట్టుకునేలా చేసే రకం. ఆ రేకులు ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పడుకుని నీటికి దారి దూరం చేస్తాయి.

లెక్క: మూడు భాగాలూ రెండు వైపులా కలిపి చదరపు మీటరు. నూటికి ఎనభై పాళ్లు గట్టిగా మిగిలే రంగైతే 150 మైక్రాన్ల కోటుకి లీటరు ఐదు చదరపు మీటర్లు వస్తుంది. రెండు కోట్లకి వృథాతో కలిపి అర లీటరు చాలు. షాపులో అంతకన్నా చిన్నది లేదని నాలుగు లీటర్ల ప్యాక్ అంటగట్టారు. సగం ఇంకో ఫైబర్ బోటు ఆయనకి అమ్మేశాను.

మే 3

ఇనుము విప్పి ఇంటికి తెచ్చాను. గుంటని వెల్డింగ్‌తో నింపించి సమం చేయించాను. తర్వాత గ్రైండరుకి నలభై నంబరు ఫ్లాప్ డిస్క్. వైర్ బ్రష్ తగిలిస్తే తుప్పు పోయినట్టు మెరుస్తుంది గానీ నిజానికి తుప్పునే పాలిష్ చేస్తుంది, రంగు పట్టుకోవడానికి గరుకు మిగలదు.

ఆపైన బోరు నీళ్లు కాదు, కుళాయి మంచినీళ్లతో బ్రష్ పెట్టి మూడుసార్లు కడిగి ఆరబెట్టి, రాత్రి వసారాలో పెట్టాను. పొద్దున్నే చూస్తే పైన పొడిగానే ఉంది, కానీ సన్నటి గుంటల్లో ఒక్కోటీ ఆవగింజంత తడిచుక్కలా నల్లగా మెరుస్తోంది. ఉప్పు ఇంకా లోపలే ఉందన్నమాట, రాత్రి గాలిలోని తేమని పీల్చింది. దాని మీద రంగు వేస్తే నెల తిరక్కుండా పొక్కులు. మళ్లీ వేడినీళ్లతో కడుగుడు. మూడో రాత్రికి గానీ ఆ చుక్కలు ఆగలేదు.

మే 8

కర్తరి మొదలైంది, ఇప్పుడు పనులేంటని అమ్మ గొడవ. ఇది కొత్త పని కాదమ్మా, రిపేరు అని చెప్పి ఒప్పించాను.

మొదటి కోటు. పొద్దున ఎనిమిదికి ఇనుము మీద మంచు తడి, పదకొండు దాటితే చెయ్యి పెట్టలేనంత వేడి. అందుకే నీడలో, తొమ్మిదిన్నర నుంచి పదిన్నర మధ్య. డబ్బా మీద కొలత నాలుగుకి ఒకటి అని ఉంది, అది పరిమాణంలో. వంటింటి కాటా మీద తూచకండి, రెండు డబ్బాల సాంద్రతలు వేరు. నేను యాభై మిల్లీ సిరంజీలు రెండు కొన్నాను, ఒక్కో డబ్బాకి ఒకటి. ఈ వేడికి కలిపిన రంగు డబ్బా మీద రాసినంతసేపు నిలవదు, అందుకే ఒకేసారి రెండొందల మిల్లీ మించి కలపలేదు. అంచులకీ వెల్డింగ్ గీతకీ ముందు బ్రష్‌తో ఒక చార వేసి, తర్వాత మొత్తం వేశాను. అంచుల మీద రంగు ఎప్పుడూ పలచబడుతుంది.

సాయంత్రం నాలుగుకి గాలివాన. టార్పాలిన్ ఎగిరిపోయింది. పరిగెత్తేలోపు చుక్కాని ఒకవైపు తడిసిపోయింది.

మే 9

తడిసిన వైపు పాలు పోసినట్టు తెల్లగా, వేలికి జిగటగా ఉంది. సగం ఆరిన ఎపాక్సీకి తేమ తగిలితే గట్టిచేసే మందు పైకి తేలి ఇలా పేరుకుంటుంది. దాని మీదే రెండో కోటు వేస్తే రెండూ అతుక్కోవు. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, ఆరాక నూట ఇరవై ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్దాను. ఆఖర్న ఉత్త మంచినీళ్లతో కడిగితే అవి పలచటి పొరలా పరుచుకున్నాయి, ఎక్కడా ముత్యాల్లా విడిపోలేదు. శుభ్రమైనట్టే. పదో తారీఖున రెండో కోటు. ప్రొపెల్లర్‌ని ఎనభై నంబరు ఎమరీతో గరుకు చేసి దానికీ రెండు కోట్లు.

మే 21

పది రోజులకి పైగా ముట్టుకోలేదు. పూర్తిగా గట్టిపడకుండా నీళ్లలో పెట్టడం నాకిష్టం లేదు.

నాచు పట్టకుండా రాగి కలిపిన రంగు ఫైబర్ అడుగుకే వేశాను, ఇనుముకి వేయలేదు. ఎపాక్సీ మందంగా ఉంటే వేయొచ్చంటారు గానీ, మేటలకి గీసుకునే చుక్కాని పక్కన మళ్లీ రాగిని తేవడం నాకు నచ్చలేదు. గుల్లలు పడితే వెదురుబద్దతో గీకుతాను.

దిమ్మ మార్చాను. జింకు సముద్రానికి బాగుంటుంది, మంచినీళ్లలో పైన పొర కట్టి నిద్రపోతుంది. మా వశిష్ఠ వేసవిలో ఉప్పు, వరదల్లో తీపి. అందుకని అల్యూమినియం దిమ్మ. దానికి రంగు తగలకుండా బిగించేముందు టేపు చుట్టాను. బిగించాక ఆ టేపు తీయడం మర్చిపోకూడదని చేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

మే 29

కర్తరి వెళ్లిపోయింది, అమ్మకి శాంతి. అమావాస్య దాటి రెండు రోజులైనా పోటు బలంగానే ఉంది. పదిమంది పట్టి దించారు. టేపు తీశాను.

జూన్ 22

నీళ్లు వెనక్కి తీసే పాటు వేళ మోకాళ్ల లోతు నీళ్లలో దిగి తడిమి చూశాను. చుక్కాని నున్నగా ఉంది. షూ కింద మేటకి ఆనిన చోట ఒక గీత, ఎపాక్సీ దాటి లోపలికి పోలేదు. ప్రొపెల్లర్ రెక్కల చివర్లలో వేలెడు మేర రంగు పోయింది. దిమ్మ పైన తెల్లటి పొడి, ఒక అంచు గరుకుగా కొరికినట్టుంది. కరుగుతోంది. మళ్లీ చూసేది వరద నీళ్లు వచ్చి తగ్గాక.