నవ్వే ముఖానికి చేసిన మాస్క్

పాపకి నాలుగేళ్లు. కండరాల బలహీనత వల్ల రాత్రంతా బైపాప్ మీదే, అంటే మాస్క్ గుండా గాలి నెట్టి ఊపిరికి సాయపడే మెషీన్ మీదే నిద్ర. రెడీమేడ్ మాస్కుల్లో అన్నిటికన్నా చిన్నది కూడా ముక్కు పక్కన సరిగ్గా ఆనేది కాదు. సందుల్లోంచి గాలి కళ్లలోకి కొట్టేది. పట్టీలు బిగిస్తే లీకు తగ్గేది గానీ, తెల్లారేసరికి ముక్కు దూలం ఎర్రగా కమిలి ఉండేది. ఇలా ఏళ్ల తరబడి ఒత్తితే, ఎదిగే ముఖం మధ్యభాగం అణిగిపోయే ప్రమాదం కూడా ఉంది. తన ముఖానికే సరిపోయే మాస్క్ చేసే పని నా మీద పడింది.

స్కానింగ్ ఎంతసేపు, రెండు నిమిషాలే అనుకున్నా. స్కానర్ లైటు చూసి పాప ఒకటే నవ్వు. తొలి ఫైల్లో రెండు ముక్కులొచ్చాయి! ముందు తన బొమ్మని స్కాన్ చేసి చూపించాక కాస్త కుదురుగా కూర్చుంది. ఆ కొలతతో చేసిన మాస్క్ పగలు చక్కగా అమరింది, రాత్రి మళ్లీ ఈల వేసింది.

వాళ్లమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "అది మేలుకున్న మొహం సార్. నిద్రలో దాని మొహం వేరు."

నిజమే. నవ్వుకి పైకి లేచిన బుగ్గలకి నేను అంచు గీశాను. మర్నాడు మధ్యాహ్నం వార్డులో పాప పడుకున్నాక మాస్క్ తీసి, నర్సు ఆక్సిమీటర్ చూస్తుండగా త్వరత్వరగా స్కాన్ చేశాం. బుగ్గలు పక్కలకి జారాయి. దవడ కిందికి దిగి పై పెదవి సాగింది. రెండు ఫైళ్లూ ఒకదానిమీద ఒకటి పెడితే తేడా కళ్లకి కట్టింది.

తర్వాత సిలికాన్ గొడవ. త్రీడీ ప్రింట్ తీసిన రెజిన్ (వెలుతురుతో గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) అచ్చులో మాస్క్ కోసం ప్లాటినం సిలికాన్ అనే మెత్తటి రబ్బరు లాంటి పదార్థం పోస్తే, అచ్చుకి ఆనిన వైపంతా జిగురుగానే మిగిలింది. రెజిన్ అవశేషాలు దాన్ని గట్టిపడనివ్వవు. అచ్చుని మళ్లీ కడిగి, యూవీ కింద పెట్టి, ఓవెన్‌లో కాల్చాకే దారికొచ్చింది. లోపలి ఖాళీని వీలైనంత తగ్గించా. పిల్లల ఊపిరి చిన్నది, ఖాళీ ఎక్కువైతే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. గాలి బయటికి పోయే రంధ్రాల జోలికి మాత్రం వెళ్లలేదు.

మూడో మాస్క్‌తో పట్టీలు వదులుగానే పెట్టారు. పొద్దున వాళ్లమ్మ ముక్కు దూలం మీద వేలితో తడిమి చూసింది. లేత గులాబీ గీత. పాలు తాగేలోపు అదీ పోయింది.

ఎనిమిది నెలలకి ఆ మాస్క్ బిగుతైంది. మళ్లీ స్కానర్ పట్టుకెళ్లాను, ఈసారి నేరుగా పాప పడుకునే వేళకే.