నరుల కాలిసత్తువ

"గుఱ్ఱముల బలమునందు ఆయన సంతోషించడు, నరుల కాలిసత్తువయందు ఆయన ఆనందించడు. తనయందు భయభక్తులు గలవారియందు, తన కృపకొరకు కనిపెట్టువారియందు యెహోవా ఆనందించువాడైయున్నాడు." (కీర్తన 147:10, 11)

ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లకి ఈ వచనం కాస్త గుచ్చుకుంటుంది. కాలిసత్తువ లేకుండా ఫాస్ట్ బౌలర్ ఎక్కడ, హాకీ ఫార్వర్డ్ ఎక్కడ? పైగా మనం ఉంటున్నది ఒడిశాలో. 2018 నుంచి భారత హాకీ జట్ల జెర్సీ మీద ఉన్నది మన రాష్ట్రం పేరే. పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా మన తెలుగు సంఘాల యౌవనస్థులు ఉదయం ఆరాధనకి ఎంత ఇష్టంగా వస్తారో సాయంత్రం మ్యాచ్‌కీ అంతే ఇష్టంగా కూర్చుంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ కాళ్లకి సత్తువ ఇచ్చింది ఆయనే కదా. కీర్తనకారుడి రోజుల్లో గుర్రమూ, సైనికుడి కాళ్లూ ఉన్నవాడిదే యుద్ధంలో పైచేయి. గెలుపు చూసి మనిషికి దేవుడు విలువ కట్టడని ఆయన చెబుతున్నాడు.

2025 అక్టోబర్ 30న నవీ ముంబైలో జరిగిన మహిళల క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆస్ట్రేలియా పెట్టిన లక్ష్యం 339. మన బ్యాటర్ జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో నాటౌట్‌గా నిలిచి గెలిపించింది. తర్వాత మైకు ముందు ఏడుస్తూనే యేసుకి కృతజ్ఞత చెప్పింది. ఊరకే నిలిచి ఉంటే దేవుడే తన పక్షాన యుద్ధం చేస్తాడన్న లేఖనాన్ని చివర్లో తనలో తాను చెప్పుకున్నానంది. ఆ రాత్రి మన వాళ్ల స్టేటస్‌ల నిండా ఆ వీడియోనే. నా కళ్లూ చెమ్మగిల్లాయి.

అయితే "చూశారా, మన దేవుడు గెలిపించాడు" అనే మాట దగ్గర కొంచెం ఆగాలనిపిస్తుంది. అదే టోర్నీలో ఆమె రెండుసార్లు సున్నాకే అవుటైంది. ఇంగ్లండ్ మ్యాచ్‌కి జట్టులోంచే తీసేశారు. ఆ టోర్నీలో దాదాపు ప్రతిరోజూ ఏడ్చానని, టెన్షన్‌తో నలిగిపోయానని ఆమే చెప్పింది. ఆ రోజుల్లో దేవుడు ఆమెకి దూరంగా ఉన్నాడా? ఆమె సాక్ష్యాన్ని మళ్లీ వినండి. ఒంట్లో శక్తి అయిపోయినప్పుడే ఆ లేఖనం పట్టుకున్నానంటోంది. కాలిసత్తువ అయిపోయిన చోట కృపకోసం కనిపెట్టడమంటే అదే. 147వ కీర్తనలో దేవుడు ఆనందించేది అలాంటివాళ్లలోనే. ఆ మ్యాచ్ మనం ఓడిపోయి ఉన్నా ఈ మాట మారేది కాదు.

ఓడినవాళ్ల సంగతి కూడా చూడండి. దక్షిణాఫ్రికా కెప్టెన్ లారా వోల్వార్ట్ సెమీస్‌లో 169, ఫైనల్‌లో 101 కొట్టింది. అయినా నవంబర్ 2న కప్పు మనకొచ్చింది. ఆ దేశంలోనూ మోకరించి ప్రార్థించే తల్లులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ప్రార్థన తక్కువదని అనే ధైర్యం నాకు లేదు.

మా ప్రార్థన కూడికలో విన్నపాలు అడిగినప్పుడు ఒక తమ్ముడు ఇండియా గెలవాలని చెబుతాడు. పక్కనే చాప మీద కూర్చున్న అమ్మ, సూరత్ మరమగ్గాల మీద పని చేసే కొడుకు ఫోన్ చేయడం లేదని చెబుతుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, సగం తెలుగులో, సగం ఒడియాలో. రెండు విన్నపాలూ దేవుడు వింటాడు, చిన్నపిల్లల మాట విన్నట్టు మొదటిది కూడా వింటాడు. కానీ ఆమెన్ అన్నాక ఆ తమ్ముడి ఆలోచనలో ఏది మిగిలిందో, అక్కడే మన భక్తి ఎలాంటిదో తేలుతుంది.

మన అభిమానం వల్ల ఎవరికి దెబ్బ తగులుతోందో కూడా చూసుకోవాలి. 2022 ఆసియా కప్‌లో ఒక్క క్యాచ్ వదిలినందుకు అర్ష్‌దీప్ సింగ్‌ని ఎంత నీచంగా తిట్టారో తెలిసిందే. 2023 నవంబర్ 19, ఆదివారం రాత్రి పురుషుల ప్రపంచకప్ ఫైనల్ ఓడాక ఎన్ని ఇళ్లలో అన్నం కంచాలు అలాగే ఉండిపోయాయో, ఎంతమంది పిల్లలు ఏ తప్పూ లేకుండా తిట్లు తిన్నారో. పొద్దున ప్రభురాత్రి భోజనంలో పాలు పొందిన చేతులే రాత్రికి రిమోట్‌ని గోడకేసి కొట్టాయంటే ఆటని నిందించి లాభం లేదు.

గుండె చెదరినవారిని ఆయన బాగుచేస్తాడని అదే కీర్తన మూడో వచనంలో ఉంది. ఈసారి జట్టు ఓడిన రాత్రి టీవీ కట్టేశాక ఆ వచనం ఇంట్లో అందరికీ వినపడేలా చదవండి. ఆ రోజు సున్నాకి అవుటైన ఆటగాడి పేరు పెట్టి ప్రార్థించండి. తర్వాత సూరత్‌కి ఒక ఫోన్ చేసి, ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో కనుక్కోండి.